మెట్ల బోర్డులో వేడెక్కిన నల్ల తీగ: మూడు ఫేజుల ఇంటికి సింగిల్ ఫేజు జనరేటరు

మాస్టారు ఫోనులో మొదట చెప్పింది జనరేటరు సంగతి కాదు. "నాయనా, మెట్ల దగ్గర బోర్డులోంచి కాలిన ప్లాస్టిక్ వాసన వస్తోంది. పైన చెయ్యి పెడితే వేడిగా ఉంది. ఎంసీబీ మాత్రం ఒక్కటీ పడలేదు" అన్నారు. ఎంసీబీలంటే కరెంటు మోతాదు మించితే తమంతట తామే పడి సరఫరా ఆపే స్విచ్చిలు. 2024 మే నెల, మిట్ట మధ్యాహ్నం. ఊళ్లో కరెంటు లేదు, ఇల్లు జనరేటరు మీద నడుస్తోంది. దాన్ని ఆపేసి, నేను వచ్చేదాకా ఆ బోర్డు ముట్టుకోవద్దని చెప్పి బయలుదేరాను.

ఆ ఇల్లు కావలికి తూర్పున, తుమ్మలపెంట వెళ్లే దారిలో ఉంది. మాస్టారు హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. కింద ఆయన, భార్య, వయసు మళ్లిన తల్లిగారు ఉంటారు. పై అంతస్తు వేసవి సెలవులకు వచ్చే కొడుకు కుటుంబానికి. పెద్దావిడకు ఆయాసం. రాత్రిళ్లు ఆక్సిజన్ కాన్‌సెంట్రేటర్ పెట్టుకోవాలి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఈ ఇంటికి రెండు రాత్రులు కరెంటు లేదు. ఇన్వర్టరు బ్యాటరీ మొదటి రాత్రికే చేతులెత్తేసింది. సంక్రాంతి వెళ్లగానే జనరేటరు కొనేశారు.

కొన్నది 7.5 కేవీఏ సింగిల్ ఫేజు డీజిల్ సెట్టు. ఇంటి కనెక్షనేమో మూడు ఫేజులది. చుట్టుపక్కల రొయ్యల గుంటల దగ్గర మూడు ఫేజుల జనరేటర్లకు లోటు లేదు. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లన్నీ వాటి మీదే తిరుగుతాయి. మరి ఇంటికి సింగిల్ ఫేజు ఎందుకు కొన్నారని అడిగాను. ఇంట్లో పెద్ద లోడంతా సింగిల్ ఫేజుదే కదా అని కొట్లో చెప్పారట. ఆ మాట తప్పు కాదు. చిన్న మూడు ఫేజుల సెట్టు కొంటే దాని శక్తి మూడు వాటాలుగా పంచుకుపోతుంది. 7.5 కేవీఏ మూడు ఫేజులదైతే ఒక్కో ఫేజుకు పది ఆంపియర్లకు కాస్త పైన మాత్రమే దక్కుతుంది. పాత ఏసీ ఒకటి స్టార్టయ్యేటప్పుడు ఆ వాటా సరిపోదు. సింగిల్ ఫేజుదైతే 230 వోల్టుల దగ్గర మొత్తం 32.6 ఆంపియర్లూ ఒకే చోట దొరుకుతాయి. ఇంటికి దాన్ని ఎంచుకోవడం తెలివైన పనే. కలపడంలోనే చిక్కు వచ్చింది.

ముందు పనిచేసిన ఎలక్ట్రీషియన్ ఏం చేశాడో చూశాను. మీటరు తర్వాత, ఇంటి సర్క్యూట్లకు కరెంటు పంచే పెట్టెకు, అంటే డీబీకి, ముందు ఒక చేంజ్‌ఓవర్ స్విచ్చి పెట్టాడు. ఒక వైపు కరెంటు స్తంభం నుంచి వచ్చే ఎరుపు, పసుపు, నీలం తీగలు. రెండో వైపు జనరేటరు నుంచి వచ్చే ఒక్క ఫేజు తీగను మూడు టెర్మినళ్లకూ లింకు చేశాడు. హ్యాండిల్ జనరేటరు వైపు తిప్పితే డీబీలోని మూడు ఫేజులకూ అదే కరెంటు చేరుతుంది. ఇల్లంతా వెలుగుతుంది. లింకు కూడా సరైన వైపే వేశాడు, అందుకు మెచ్చుకోవాలి. అదే లింకు పొరపాటున ఇంటి వైపు టెర్మినళ్లకు పడి ఉంటే, హ్యాండిల్ స్తంభం వైపు తిప్పగానే మూడు ఫేజులూ ఒకదానికొకటి తగిలి, 415 వోల్టుల షార్టు ఆ స్విచ్చి పెట్టెలోనే పేలేది.

అయితే ఆ స్విచ్చి మూడు పోల్స్‌ది. అంటే మూడు తీగలనే మారుస్తుంది. కరెంటు తిరిగి వెళ్లే నల్ల తీగ, న్యూట్రల్, దాని గుండా పోవడం లేదు. స్తంభం న్యూట్రల్, జనరేటరు న్యూట్రల్, ఇంటి న్యూట్రల్ మూడూ ఒకే బోల్టు కింద ఎప్పటికీ కలిసే ఉన్నాయి. దీని సంగతి తర్వాత. ముందు మెట్ల బోర్డు.

బోర్డు విప్పాను

నాలుగు మరలు తీసి ప్లేటు ముందుకు లాగాను. లోపల నల్ల తీగలు అయిదారు ఒకచోట మెలేసి, ఇన్సులేషన్ టేపు చుట్టి ఉన్నాయి. టేపు జిగురు కరిగి, గోడకు అంటి, గోధుమ రంగులో చారలు కట్టింది. టేపు ఊడదీస్తే లోపలి రాగి ఎర్రగా లేదు, ఆకుపచ్చ పొడి పట్టి ఉంది. సముద్రపు గాలి తగిలే ఇళ్లలో ఇది మామూలే. మెలేసిన అతుకులోకి ఉప్పు తేమ చేరి రాగిని తింటుంది. తీగకూ తీగకూ మధ్య పట్టు తగ్గుతుంది, అక్కడ నిరోధం పెరుగుతుంది. ఇటుపక్క ఫేజు తీగలు మాత్రం నిన్న వేసినంత శుభ్రంగా ఉన్నాయి.

డీబీ నుంచి పై అంతస్తుకు ఒకే కన్‌డ్యూట్ పైపు వెళ్తోంది. అందులో మూడు ఫేజు తీగలు: పడమటి గది ఏసీకి ఎరుపు, పై అంతస్తు లైట్లు, ఫ్యాన్లు, ఇన్వర్టరుకు పసుపు, తూర్పు గది పాత ఏసీకి నీలం. ఈ మూడింటికీ కలిపి తిరుగు దారిగా ఒకే ఒక్క నల్ల తీగ. ఫేజులు 2.5 చదరపు మిల్లీమీటర్లవి, నల్లది 1.5. ఇల్లు 2009లో కట్టారట. తీగల చుట్టలో మిగిలిందేదో న్యూట్రల్‌కు లాగి ఉంటారు. ఆ రోజుల్లో అలా లాగినవాళ్లను నేను బోలెడుమందిని చూశాను. ఒకటి రెండిళ్లలో నేనే లాగాను.

కరెంటు వచ్చాక స్తంభం సప్లై మీద రెండు ఏసీలూ వేసి, ఫ్యాన్లూ లైట్లూ వేసి, నల్ల తీగకు క్లాంప్ మీటరు తగిలించాను. 3.3 ఆంపియర్లు. ఫేజు తీగలు విడివిడిగా చూస్తే ఎరుపులో 7, పసుపులో 4, నీలంలో 7.5. ఇప్పుడు చేంజ్‌ఓవర్ తిప్పి, జనరేటరు మీద అవే లోడ్లు వేశాను. ఫేజు తీగల్లో అంకెలు మారలేదు. నల్ల తీగలో 18.5 ఆంపియర్లు. మాస్టారు నా భుజం మీదుగా తొంగి చూస్తున్నారు. "అదేమిటి? అవే ఏసీలు, అవే ఫ్యాన్లు కదా?" అన్నారు.

ఆయన లెక్కల మాస్టారు కూడాను. 7, 4, 7.5 కలిపితే 18.5. జనరేటరు మీద వచ్చింది మామూలు కూడిక. వింతంతా స్తంభం మీద వచ్చిన 3.3లో ఉంది. స్తంభం నుంచి వచ్చే మూడు ఫేజులు ఒకేసారి ఊగవు. చక్రంలో మూడో వంతు తేడాతో ఒకదాని వెనుక ఒకటి నడుస్తాయి. ఒక ఫేజు న్యూట్రల్ కాలువలోకి పోస్తున్న క్షణంలో మిగిలినవి అదే కాలువలోంచి తోడుకుంటాయి. మూడూ సమానంగా ఉంటే కాలువలో నీరు కనబడదు. హెచ్చుతగ్గులుంటే ఆ తేడా మేరకు కొంచెం పారుతుంది. మూడు ఫేజుల మీద ఉన్నంతకాలం, ఏ ఏసీ వేసినా ఏది ఆపినా, ఈ నల్ల తీగలోకి మామూలుగా ఒక పెద్ద ఏసీ లోడును మించి రాదు. అందుకే పదిహేనేళ్లు ఏ గొడవా లేకుండా గడిచింది.

ఒకే ఫేజును మూడు చోట్లా కలిపినప్పుడు వెనకాముందూ అన్నది లేదు. మూడూ ఒకేసారి పోస్తాయి, ఒకేసారి తోడతాయి. న్యూట్రల్‌లో అంతా కూడుకుంటుంది. 3.3 కాస్తా 18.5 అయింది, అంటే అయిదున్నర రెట్లకు పైన. వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి అదే అతుకులో పుట్టే వేడి దాదాపు 32 రెట్లు. ఆ లెక్క మాస్టారే నోటితో వేశారు.

ఎంసీబీలు ఎందుకు పడలేదన్నది ఆయన రెండో ప్రశ్న. అసలు ప్రశ్న అదే. ఎంసీబీ ఫేజు తీగకు కాపలా. ఏసీల ఎంసీబీలు 20 ఆంపియర్లవి, వాటి గుండా పోతున్నది ఏడు, ఏడున్నర. లైట్లది పది, దాని గుండా పోతున్నది నాలుగు. వాటి దృష్టిలో అంతా బాగుంది. జనరేటరు మీది బ్రేకరు 32 ఆంపియర్లది, దాని దృష్టిలోనూ బాగుంది. ఆ మూడింటి మొత్తం మోస్తున్న నల్ల తీగకు మాత్రం కాపలా ఎవరూ లేరు. 1.5 తీగ కన్‌డ్యూట్‌లో, మే నెల ఎండలో, పక్కన మరో మూడు వేడి తీగలతో కలిసి 18.5 మోయలేదు. ఇరవై నిమిషాలు నడిపి అతుకు మీద థర్మామీటరు గన్ను పెడితే 84 డిగ్రీలు చూపింది. మామూలు పీవీసీ తొడుగు ఎడతెగకుండా తట్టుకునేది 70 డిగ్రీలు. అక్కడితో ఆపేశాను.

తీగలు విప్పి 500 వోల్టుల మెగ్గరుతో ఇన్సులేషన్ చూశాను. పైపు లోపలి భాగం ఇంకా చెడలేదు. చెడింది బోర్డులో ఉన్న జానెడు మేర.

అందుకే నేను ఈ రకం పని ఒప్పుకునే ముందు ఫేజుల గురించి అడగను. డీబీ మూత తీసి, నల్ల తీగలు ఎన్ని వెళ్తున్నాయో లెక్కపెడతాను. ఎంసీబీలు పన్నెండుండి నల్ల తీగలు ఏడే ఉంటే, ఆ తగ్గిన అయిదూ ఎక్కడ కలిసిపోయాయో తెలిసేదాకా లింకు వెయ్యను.

న్యూట్రళ్లు విడదీయడం

సరైన మందు ఒకటే, ప్రతి సర్క్యూట్‌కూ దాని న్యూట్రల్ దానికి ఉండాలి. పాత నల్ల తీగను లాగి, దాని స్థానంలో 2.5వి మూడు లాగుదామని మొదలుపెట్టాం. స్లాబు దగ్గరి బెండులో సిమెంటు పాలు గడ్డకట్టి ఉన్నాయి. పాత తీగ వచ్చింది కానీ స్ప్రింగు మాత్రం ఎంత తోసినా పోలేదు. మధ్యాహ్నమంతా దానితోనే సరిపోయింది. ఇక మిగిలిన దారి మెట్ల గోడ మీదుగా పీవీసీ పట్టీ వేసి తీగలు తీసుకెళ్లడం.

మాస్టారి భార్య, అమ్మగారు, ఒప్పుకోలేదు. "కిందటి సంక్రాంతికే రంగులు వేయించాం, నాయనా. గోడ మధ్యలో ఆ పట్టీ ఏం బాగుంటుంది?" అన్నారు. తీగ నాణ్యమైనది వేస్తే పాత పైపులోనే ఒక్కటి లాగి సరిపెట్టవచ్చు కదా అని మాస్టారి కొడుకు ఫోనులో సలహా ఇచ్చాడు. నిజానికి 6 చదరపు మిల్లీమీటర్ల నల్ల తీగ ఒక్కటి ఎలాగో లాగగలిగితే బరువు మోస్తుంది. కానీ రేపెవరో ఆ ఒక్క అతుకు వదులు చేస్తే? స్తంభం సప్లై మీద ఉండగా ఉమ్మడి న్యూట్రల్ తెగితే రెండు ఫేజుల మధ్య ఉన్న వస్తువులు ఒకదాని వెనుక ఒకటిగా 415 వోల్టుల మీద పడతాయి. తక్కువ లోడున్న వైపు టీవీ, ఇన్వర్టరు కాలిపోతాయి. జనరేటరు మీద ఉండగా తెగితే ఏదీ కాలదు, అన్నీ ఆగిపోతాయి. కానీ ఆగిపోయిన ఆ నల్ల తీగకు 230 వోల్టులు ఎక్కి కూర్చుంటాయి. న్యూట్రలే కదా అని పట్టుకున్నవాడి గతి చెప్పక్కర్లేదు. ఈ మాట అమ్మగారికి చెప్పాక పట్టీకి సరే అన్నారు, తెల్ల రంగుదైతేనే అన్న షరతు మీద.

మొత్తం ఇంట్లో ఇలాంటి ఉమ్మడి న్యూట్రళ్లు మూడుచోట్ల దొరికాయి. రెండోది వంటింటి ప్లగ్గుది, మూడోది వరండాది. రెండూ విడదీశాం. మెలేసిన అతుకులన్నీ తీసి, స్క్రూ కనెక్టర్లు పెట్టి, ఉప్పు గాలికి ముందుజాగ్రత్తగా పైన కొంచెం పెట్రోలియం జెల్లీ పూశాం.

చేంజ్‌ఓవర్ నుంచి డీబీకి వచ్చే ప్రధాన న్యూట్రల్ కూడా ఇదే లెక్కలోకి వస్తుంది. జనరేటరు ఇచ్చే 32 ఆంపియర్లు మూడు ఫేజు తీగల్లో పంచుకుని వస్తాయి, తిరిగి వెళ్లేది ఒక్క న్యూట్రల్ గుండానే. అక్కడ 6 ఉంది. హద్దు మీద ఉందనిపించి 10 వేశాను. కరెంటు భూమిలోకి కారితే పడిపోయే స్విచ్చి ఒకటి డీబీలో ఉంది, ఆర్‌సీసీబీ. అది నాలుగు పోల్స్‌ది, 40 ఆంపియర్లది. దాని న్యూట్రల్ పోలు 32 మోస్తుంది, ఇబ్బంది లేదు. అదే మాస్టారు 10 కేవీఏ కొని ఉంటే 43.5 అయ్యేది, ఫేజు పోల్స్ చల్లగా ఉంటూనే న్యూట్రల్ పోలు మాడేది. జనరేటరు ఎంత పెద్దదైతే అంత మంచిదనుకునేవాళ్లకు ఈ ముక్క చెబుతుంటాను.

నాలుగో పోలు, దాని వెంట వచ్చిన తలనొప్పి

మూడు పోల్స్ స్విచ్చి తీసేసి 63 ఆంపియర్ల నాలుగు పోల్స్ చేంజ్‌ఓవర్ పెట్టాం. ఎందుకంటే జనరేటరు నడుస్తున్నప్పుడు ఇంటి న్యూట్రల్ వీధి న్యూట్రల్‌తో కలిసే ఉంటే, ఇంట్లో ఎక్కడ ఎర్తు ఫాల్టు జరిగినా, అంటే కరెంటు భూమిలోకి కారినా, దాని ప్రభావం స్తంభం మీది తీగ దాకా పోవచ్చు. స్తంభం మీద లైన్‌మన్ ఉంటాడు. తుపాను తర్వాత తెగిన తీగలు అతికే మనిషి, కరెంటు లేదన్న నమ్మకంతో న్యూట్రల్‌ను వట్టి చేత్తో పట్టుకుంటాడు.

ఇక స్విచ్చే లేకుండా, రెండు చివరలా ప్లగ్గులున్న తీగతో జనరేటరును ఇంటి సాకెట్లోకి గుచ్చేవాళ్లున్నారు. మన వీధి ట్రాన్స్‌ఫార్మరు 11 కేవీని 433 వోల్టులకు దించుతుంది. అదే ట్రాన్స్‌ఫార్మరుకు వెనుక నుంచి 230 ఎక్కిస్తే, పై తీగల మీద పది వేల వోల్టులు పుడతాయి. ఆ తీగ అమ్ముతున్న కొట్టు ఎక్కడ కనబడినా నేను గొడవ పెట్టుకుంటాను. నా పిల్లలకు అది సిగ్గుగా ఉంటుంది.

కొత్త స్విచ్చికి తీగలు బిగించాక, కరెంటు ఇవ్వకముందే ఒక పరీక్ష చేస్తాను. డీబీలోని ఎంసీబీలన్నీ కిందికి దించి, హ్యాండిల్ స్తంభం వైపు పెట్టి, ఇంటి వైపు మూడు ఫేజుల మధ్య మల్టీమీటరు పెడతాను. బీప్ అనకూడదు. హ్యాండిల్ జనరేటరు వైపు తిప్పితే మూడింటి మధ్యా బీప్ అనాలి. మధ్యలో సున్నా దగ్గర ఏ వైపూ ఏదీ కలవకూడదు. ఎంసీబీలు దించకపోతే ఇంట్లోని వస్తువుల గుండా మీటరు బీప్ అని మనిషిని పక్కదారి పట్టిస్తుంది. నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు సరిగ్గా అదే చేసి, లింకు తప్పుపడిందని పావుగంట వెతికాడు.

అంతా సరేననుకుని జనరేటరు వేశాం. ఇల్లు వెలిగింది. అలవాటు కొద్దీ సాకెట్లో టెస్టరు పెట్టాను. ఫేజు రంధ్రంలో మసకగా వెలిగింది. న్యూట్రల్ రంధ్రంలోనూ మసకగా వెలిగింది. మల్టీమీటరు పెడితే ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 236, ఫేజుకూ ఎర్తుకూ మధ్య నూటికి పైన, న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య కూడా నూటికి పైన. ఆర్‌సీసీబీ టెస్టర్ ప్లగ్గు గుచ్చి 30 మిల్లీఆంపియర్ల బటన్ నొక్కాను. ఆర్‌సీసీబీ కదల్లేదు.

ఇది నేను తెచ్చిపెట్టిన సమస్యే. ఇంతకు ముందు వీధి న్యూట్రల్‌తో బోల్టు కింద కలిసి ఉన్నంతకాలం జనరేటరు న్యూట్రల్‌కు ట్రాన్స్‌ఫార్మరు దగ్గరి ఎర్తు అందుతూ ఉండేది. నాలుగో పోలుతో ఆ బంధం తెంచేశాను. ఇప్పుడు జనరేటరు న్యూట్రల్ గాల్లో ఉంది. ఫాల్టు వచ్చినా ఆ కరెంటు భూమిలోంచి జనరేటరుకు తిరిగి వెళ్లే దారి లేదు. దారి లేనప్పుడు కరెంటు పారదు, పారనప్పుడు ఆర్‌సీసీబీకి తెలియదు. మొదటి ఫాల్టుకు షాకు కొట్టదు కదా అని కొందరు దీన్నే భద్రత అంటారు. నాకు ఆ వాదన రుచించదు. మొదటి ఫాల్టు ఎవరికీ తెలియకుండా పడి ఉంటుంది, రెండోది మనిషి మీదుగా పోతుంది.

జనరేటరు టెర్మినల్ పెట్టె తెరిచి, న్యూట్రల్‌ను బాడీకి 6 చదరపు మిల్లీమీటర్ల ఆకుపచ్చ తీగతో లగ్గులు పెట్టి కలిపాను. బాడీ నుంచి రెండు వేర్వేరు తీగలు రెండు వేర్వేరు ఎర్తు గుంటలకు వెళ్లాయి. జనరేటరు బాడీకి రెండు విడి ఎర్తు కనెక్షన్లు ఉండాలన్నది నిబంధన కూడా. సముద్రం దగ్గరి నేల కాబట్టి ఎర్తు రీడింగు చక్కగా మూడు ఓముల లోపే వచ్చింది. ఆ ఉప్పు నేల రీడింగు ఎంత బాగా ఇస్తుందో ఇనుమును అంత తొందరగా తింటుంది. జస్తా పూత వేసిన సన్న ఇనుప (జీఐ) రాడ్డు నాలుగేళ్లకు పుల్లలా మిగలడం చూశాను. ఇక్కడ రాగి పూత రాడ్లు వేశాం. న్యూట్రల్‌కూ ఎర్తుకూ ఈ బంధం జనరేటరు దగ్గర ఒక్కచోటే ఉండాలి. డీబీలో ఇంకెక్కడా లేదని చూసుకున్నాకే బిగించాను. నాలుగు పోల్స్ లేకుండా ఈ బంధం వేస్తే వీధి న్యూట్రల్‌ను ఇంటి దగ్గర ఎర్తు చేసినట్లవుతుంది, అది మన పని కాదు.

మళ్లీ నడిపి టెస్టర్ ప్లగ్గు నొక్కాను. ఆర్‌సీసీబీ టక్కున పడింది. అయితే ఆర్‌సీసీబీ మీదే ఉండే చిన్న టెస్ట్ బటన్ నొక్కితే పడలేదు. మాస్టారు ముఖం వాడిపోయింది. ఈ రకంలో ఆ బటన్ రెండు ఫేజుల మధ్య ఉండే వోల్టేజీతో పనిచేస్తుంది. జనరేటరు మీద రెండు ఫేజుల మధ్య వోల్టేజీ సున్నా, బటన్‌కు ప్రాణం లేదు. స్తంభం కరెంటు మీద నొక్కితే పడుతుంది. నెలకోసారి నొక్కి చూడటం అప్పుడే అని డీబీ మూతకు లోపలి వైపు పెన్సిల్‌తో రాసిచ్చాను.

మోటారు తిరగదు

బోరు మోటారు మూడు ఫేజులది, రెండు హెచ్‌పీ. జనరేటరు మీద అది కాలిపోతుందేమో అని మాస్టారికి మొదటి నుంచీ భయం. మూడు ఫేజులూ ఒకటే అయినప్పుడు మోటారు మూడు కొనల మధ్య వోల్టేజీ తేడా ఉండదు, తేడా లేకపోతే కరెంటు పారదు. పైగా స్టార్టరు కాయిలు 415 వోల్టులది, రెండు ఫేజుల మధ్య కలిపింది. పచ్చ బటన్ నొక్కినా అది పట్టదు. మోటారు తిరగదు, కాలదు.

కాలే ప్రమాదం వేరే పద్ధతిలో ఉంది. సింగరాయకొండలో ఒక ఇంట్లో జనరేటరును ఒక్క ఎరుపు ఫేజుకే ఇచ్చి మిగిలిన రెండూ వదిలేశారు. పిండి గిర్నీ మోటారు స్టార్టరు లేకుండా నేరుగా స్విచ్చికి కలిపి ఉంది, ఆ స్విచ్చి వేసే ఉంది. జనరేటరు వేయగానే పసుపు, నీలం ఫేజుల మీది గదుల్లో ఫ్యాన్లు నీరసంగా తిరగడం మొదలుపెట్టాయి. ఎరుపు నుంచి మోటారు చుట్టల్లోకి, అక్కడి నుంచి మిగిలిన రెండు ఫేజుల తీగల్లోకి, ఆ గదుల ఫ్యాన్ల గుండా న్యూట్రల్‌కు కరెంటు దారి చేసుకుంది. కరెంటు ఇవ్వని గదిలో ఫ్యాను తిరుగుతోందని ఇంటివాళ్లు సంతోషించారు. కదలకుండా కూర్చున్న మోటారు మాత్రం చెయ్యి పెట్టలేనంతగా వేడెక్కింది.

నీళ్ల మాటేమిటని అమ్మగారు అడిగారు. సింగిల్ ఫేజు తీసుకుని మూడు ఫేజులు ఇచ్చే డ్రైవ్ పెట్టవచ్చు కదా అన్నది కొడుకు రెండో సలహా. మామూలు డ్రైవ్‌కు 230 ఇస్తే దాని నుంచి వచ్చే మూడు ఫేజులూ 230వే. ఈ మోటారుకు 415 కావాలి. బోరులోంచి మోటారు పైకి తీసి మార్చడం కంటే, కింద ఉన్న సంపు నుంచి ట్యాంకుకు అర హెచ్‌పీ సింగిల్ ఫేజు పంపు పెట్టడం తేలిక. అదే పెట్టాం.

చివరి రీడింగులు, మూడు దీపాలు

పాత లోడ్లే వేసి గంటసేపు నడిపాం. రెండు ఏసీలూ ఒకేసారి స్టార్టు చేయవద్దన్నది ఒక్కటే షరతు. పాత ఏసీ మొదట, అది కుదుటపడ్డాక కొత్తది. వోల్టేజీ ఖాళీగా 236, లోడు మీద 224. ఫ్రీక్వెన్సీ 51.6 నుంచి 49.8కి దిగింది. ఇన్వర్టరు మొదట జనరేటరు కరెంటు తీసుకోలేదు, వెనుక ఉన్న మీటను యూపీఎస్ నుంచి నార్మల్‌కు జరిపితే తీసుకుంది. కాన్‌సెంట్రేటర్ ఆగకుండా నడిచింది. మెట్ల బోర్డులో ఇప్పుడు మూడు నల్ల తీగలు, 7, 4, 7.5. కనెక్టర్ల మీద 42 డిగ్రీలు, ఆ గదిలో గాలి 38.

జనరేటరును మొదట పోర్టికోలో, పెద్దావిడ గది కిటికీ కింద పెట్టారు. అది చూసిన రోజే జరిపించాను. పొగలో రంగూ వాసనా లేని విషవాయువు ఉంటుంది, ఆయాసం మనిషికి అసలే పడదు. ఇప్పుడది వెనుక కొబ్బరి చెట్ల దగ్గర ఉంది.

పని అయిపోయిందనుకున్న పది రోజులకు మాస్టారు మళ్లీ ఫోను చేశారు. వీధిలో కరెంటు వచ్చి మూడు గంటలైందట, ఎదురింట్లో లైటు చూసేదాకా తమకు తెలియలేదట, డీజిల్ వృథా అయిందట. నిజమే, హ్యాండిల్ జనరేటరు వైపు ఉన్నంతసేపు ఇంట్లోవాళ్లకు స్తంభం సంగతి కనబడదు. వెళ్లి చేంజ్‌ఓవర్‌కు ముందు, స్తంభం వైపు, విడి ఫ్యూజులతో మూడు చిన్న సూచిక దీపాలు పెట్టాను, ఎరుపు, పసుపు, నీలం.

ఆగస్టులో ఒక సాయంత్రం ఫోను. "నాయనా, పసుపు దీపం వెలగడం లేదు. మిగతా రెండూ వెలుగుతున్నాయి. పై అంతస్తులో లైట్లు లేవు. మన ఇంట్లో తప్పా, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర తప్పా?" దీపం మీటరు వైపుది కాబట్టి తప్పు బయటిదే అయి ఉంటుందని, బోరు మోటారు వేయవద్దని, లైన్‌మన్‌కు చెప్పమని అన్నాను. "మోటారు స్విచ్చి అప్పుడే దించేశాను" అన్నారు మాస్టారు. అరగంటకు లైన్‌మన్ వచ్చి ట్రాన్స్‌ఫార్మరు దగ్గర పసుపు ఫేజు ఫ్యూజు తీగ మార్చి వెళ్లాడు.